గరగర లేని గొంతు

మా పూజగదిలో వ్యాసపీఠం మీది భాగవతాన్ని పక్కకు జరిపి టాబ్లెట్ పెట్టిన రోజున మా ఆవిడ ఈశ్వరమ్మ మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు.

"దేవుడి కాడ ఆ పలకేటండీ? సిమ్మాద్రి అప్పన్నకి సినిమా సూపిత్తారా?" అంది చివరికి, కూరగిన్నె నా ముందు పెడుతూ.

సినిమా కాదు, మేడ మీద ఉన్న నా రేడియో ఇందులోకి దిగి వచ్చిందని చెప్పాను. నమ్మలేదు. టాబ్లెట్ మీద వేలు పెట్టి గుండ్రంగా తిప్పాను. పై గదిలో రేడియో గరగరలాడుతూ ఒక స్టేషను నుంచి ఇంకో స్టేషనుకి మారడం కిందకి వినిపించింది. ఇంకో చోట నొక్కితే డాబా మీద యాంటెన్నా గుర్రుమంటూ తూర్పు నుంచి ఉత్తరానికి తిరిగింది. దాని మీద వాలిన కాకులు లేచిపోయాయి. ఈశ్వరమ్మ పెరట్లోకి వెళ్ళి తలెత్తి చూసి వచ్చి, "మోకాళ్ళ నొప్పులోడికి మంచిదేలెండి" అంది. ఆ ఒక్క మాటతో టాబ్లెట్‌కి పూజగదిలో చోటు స్థిరపడింది.

నా పేరు బొడ్డేడ అప్పలనరసింహం. అనకాపల్లిలో చక్కెర ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాను. చదువు పదో తరగతి, ఆపైన ఐటీఐ. పరీక్ష రాసి హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకుని ఇరవై రెండేళ్ళయింది. ఇంట్లో సొంత వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని, నాలాంటి లైసెన్సుదారులతో గాలిలో మాట్లాడుకోవడమే ఈ సరదా. రోజూ పొద్దున్న ఏడింటికి మేం పన్నెండుమందిమి కలుస్తాం. దాన్ని నెట్ అంటాం. కొత్తవలస నుంచి దాలినాయుడు మాస్టారు బడిలో హాజరు పిలిచినట్టు ఒక్కొక్కరినీ పిలుస్తారు. పేరు పిలవగానే పలకాలి. నీ మాట స్పష్టంగా, గట్టిగా వినిపిస్తోందని చెప్పడానికి 'ఫైవ్ నైన్' అంటాం. శుభాకాంక్షలకి 'సెవెంటీ త్రీ' అంటాం. నిజానికి అవతలి గొంతు రొదలో సగం మునిగిపోయినా 'ఫైవ్ నైన్' అనేస్తాం. చుట్టాలింట్లో కూర ఎలా ఉందని అడిగితే ఉప్పు తక్కువైందని చెప్పం కదా, ఇదీ అలాంటిదే.

పన్నెండుమందిలో పదకొండుమందికి ఇది సరదా. గెమ్మెలి బొంజుబాబుకి మాత్రం ప్రాణాధారం. అతను అటవీశాఖలో వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి, రిటైరయ్యాక చింతపల్లి ఏజెన్సీలో తన ఊరు సీకుగెడ్డకి వెళ్ళిపోయాడు. పద్నాలుగు గడపల ఊరు. ఫోను అందదు. వానాకాలంలో గెడ్డ, అంటే ఊరి ముందు కొండవాగు, పొంగితే దారి ఉండదు. ఒక చిన్న సెట్టు, ఒక కారు బ్యాటరీ, దాన్ని నింపడానికి ఒక సోలారు పలక, ఇవే అతనికి లోకంతో ఉన్న దారం. భార్య చిలకమ్మకి రెండుసార్లు మెదడుకెక్కే మలేరియా వచ్చి తప్పింది. మళ్ళీ జ్వరం తగిలితే ఒక్క పూట కూడా ఆలస్యం చెయ్యొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని మా ఇద్దరి మధ్యా ఒక మాట ఉంది. నెట్‌లో బొంజుబాబు పలకకపోయినా, జ్వరం అన్నా, నేను వెంటనే మండలం ఆసుపత్రికి ఫోన్ చేసి గెడ్డ ఇవతలికి బండి పంపించాలి. రెండేళ్ళ కిందట అలాగే పంపించాను. చిలకమ్మ బతికింది. తర్వాత మా ఇంటికి వచ్చి, "మా ఆయన గొంతు నువ్వినబట్టి నానున్నాను అన్నయ్యా" అని, ఈశ్వరమ్మ కొంగులో పసుపు కొమ్ములు పోసి వెళ్ళింది.

టాబ్లెట్ పెట్టింది మా అమ్మాయి హైమ. విశాఖపట్నంలో ఒక ఇంజనీరింగు కాలేజీ ప్రయోగశాలలో శబ్దాల మీద పని చేస్తుంది. మేడ మెట్లు ఎక్కలేకపోతున్నానని ముందు నా రేడియోని టాబ్లెట్‌కి కలిపింది. ఆర్నెల్లు పోయాక ఒక ఆదివారం నన్ను ప్రయోగశాలకి తీసుకెళ్ళి, చెవులకి హెడ్‌ఫోను తగిలించింది.

"ఏం వినిపిస్తోంది నాన్నా?"

"మూకుట్లో జంతికలు వేగుతున్నట్టుంది."

"లోపల ఎవరైనా మాట్లాడుతున్నారా?"

"ఎవరో ఉన్నట్టే ఉంది. మాట తెలీడం లేదు."

హైమ ఒక మీట నొక్కింది. రొద ఆగిపోయింది. నా పక్క కుర్చీలో కూర్చుని మాట్లాడినట్టు బొంజుబాబు గొంతు: "నమస్కారం గురూ. ఇక్కడందరం కులాసా. ఎండ బాగా కాసింది. చిలకమ్మ చోడంబలి కాస్తంది. నిన్నడిగినట్టు చెప్పమంది." నేను నిజంగానే పక్కకు తిరిగి చూశాను. అది చూసి హైమ తెగ నవ్వింది.

"ముందు రొద తీసేస్తుంది. రొదలో తెగిపోయిన మాటల్ని అతుకుతుంది. మీ పన్నెండుమందీ ఎలా మాట్లాడతారో దీనికి తెలుసు నాన్నా. నువ్వు దాచిన పదకొండేళ్ళ నెట్ రికార్డింగులూ దీనికి వినిపించాను."

"మరి ఆ అతికిన మాట బొంజుబాబు మావయ్యదా, దీనిదా?"

"నువ్వు సహస్రనామం చదువుతుంటే దగ్గొచ్చి ఒక నామం ఆగిపోయిందనుకో. అమ్మ వంటింట్లోంచి అందుకుంటుంది కదా. ఆ నామం ఎవరిది?"

నిజం చెప్పాలంటే, ఆ ప్రశ్న గురించి నాకు ఆలోచించాలనిపించలేదు. కూతురు కళ్ళ ముందు ఒక కొత్త వస్తువు పుట్టించి చూపిస్తుంటే ఏ తండ్రి రంధ్రాలు వెతుకుతాడు? దానికి 'ఆలకింపు' అని పేరు కూడా నేనే పెట్టాను.

నెల తిరిగేసరికి మా నెట్‌లో అందరి ఫోన్లలోకీ ఆలకింపు ఎక్కింది. ఫోనే లేని బొంజుబాబు ఒక్కడూ మిగిలాడు. పార్వతీపురం వర్తకుడు కొట్లో కూర్చునే ఇంట్లోని సెట్టు నడిపేవాడు. దాలినాయుడు మాస్టారు కంటి ఆపరేషనుకి వెళ్ళి ఆసుపత్రి మంచం మీంచే హాజరు పిలిచారు. నేను రైతు బజారులో నిలబడి శ్రీలంకతో మాట్లాడాను. "బెండకాయలేరమంటే సిలోనోడితో కబుర్లా? ముదురుయి సంచిలో ఏసీసేరు" అని ఈశ్వరమ్మ నలుగురిలో కడిగేసింది. ఎనిమిది నెలలు మా చెవుల్లో గరగర అన్నది లేదు. తుఫాను హెచ్చరిక కేంద్రాలన్నిటిలో దీన్ని పెట్టే ఆలోచన ఉందని, శ్రావణంలో మూడో సోమవారం ప్రభుత్వం వాళ్ళు చూడటానికి వస్తున్నారని హైమ చెప్పింది. ఆ సంగతి అప్పన్నకి చెప్పుకుని కొబ్బరికాయ కొట్టాను.

ఆ సోమవారానికి ముందు వారం ఇది జరిగింది.

మంగళవారం పొద్దున్న నేను గంట వాయిస్తూండగా వ్యాసపీఠం మీంచి మాస్టారు బొంజుబాబుని పిలిచారు. "నమస్కారం గురూ. ఇక్కడందరం కులాసా. ఎండ బాగా కాసింది. చిలకమ్మ చోడంబలి కాస్తంది" అని వినిపించింది. హారతి పళ్ళెం ఎడమ చేతికి మార్చుకుని, కుడి చేత్తో టాబ్లెట్ నొక్కి, "సంతోషం బొంజుబాబూ. అలాగే. అంతా అప్పన్న దయ. ఫైవ్ నైన్" అన్నాను. బుధవారమూ అంతే. గురువారమూ అంతే.

శుక్రవారం నెట్ అయిపోయింది. పూజ ముగించి కాఫీకి వచ్చాను. ఈశ్వరమ్మ టీవీ ముందు నిలబడి ఉంది.

"ఏటండీ, బొంజుబాబన్నయ్య ఎండ బాగా కాసిందన్నాడు కదా ఇప్పుడు? నానూ ఇన్నాను."

"అవును."

"మరిది సూడండి."

టీవీలో చింతపల్లి ఏజెన్సీ. సోమవారం నుంచి ఆగని వాన. గెడ్డలు పొంగుతున్నాయి. ఒక రోడ్డు సగం తెగి, ఎర్రమట్టి నీళ్ళలో బస్సు ఒకటి ఒరిగి ఉంది.

కాఫీ అక్కడే పెట్టేసి పూజగదిలోకి వచ్చాను. టాబ్లెట్ మీద ఒక మూల చిన్న గడి ఉంటుంది. అందులో 'అసలు శబ్దం' అని రాసి ఉంటుంది. పది రోజులది దాచి ఉంచుతుంది. దాన్ని నేను ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆ రోజు నొక్కాను.

జంతికలు వేగుతున్న రొద. ఎనిమిది నెలల తర్వాత వింటే చెవులు మండాయి. దాని అడుగున, లోతైన నూతిలోంచి వచ్చినట్టు ఒక గొంతు.

"...గురూ... నాలుగో దినం... ఒళ్ళు కాలిపోతంది... మాట పడిపోనాది... బండేదీ గురూ... పంపుతానన్నావు..."

తర్వాత నా గొంతు. స్పష్టంగా, తీరిగ్గా. "సంతోషం బొంజుబాబూ. అలాగే. అంతా అప్పన్న దయ. ఫైవ్ నైన్."

నేను కూలబడ్డాను అని రాయాలని ఉంది గానీ, అలా జరగలేదు. నిలబడే ఉన్నాను. ఎదురుగా పటంలో అప్పన్న చందనం పూతలో ఉన్నాడు. చేతులు జోడించలేకపోయాను. వెనక ఈశ్వరమ్మ "ఓలమ్మో" అంది ఒక్కసారే. ఆ తర్వాత నా చేతికి ఫోన్ ఇచ్చింది.

మండలం ఆసుపత్రి వాళ్ళు వెంటనే బయల్దేరతామన్నారు. రోడ్డు తెగింది కాబట్టి సగం దూరం నడవాలన్నారు. తర్వాత హైమకి చేశాను. అప్పుడే ప్రయోగశాల తలుపు తీస్తోందట. విన్నది చెప్పాను. ఆ వైపు కుర్చీ లాగిన చప్పుడు, మీటల చప్పుడు. మంగళవారం నాటి అసలు శబ్దం తీసి ఫోన్లో నాకూ వినిపించింది. "గురూ, చిలకమ్మకి జొరం. బండి పంపు. జొరం గురూ, జొరం." ఆ రోజు ఇంకా బ్యాటరీలో కాస్త బలం ఉన్నట్టుంది. నాలాంటి పాత చెవికి ఆ మాటలు తెలిసేవే. వాన పెరిగేకొద్దీ ఎండ లేక బ్యాటరీ దిగిపోయింది. గొంతు ఎంత నీరసపడితే ఆలకింపు అంత ఎక్కువ అతికింది.

"హైమా, రెండేళ్ళ కిందట మావయ్య ఇలాగే పిలిచాడు కదా. అది కూడా రికార్డయింది. దీనికి వినిపించావు కదా? జ్వరం అన్న మాట దీనికి తెలియాలి కదా?"

అవతల మీటల చప్పుడు ఆగింది.

"తీసేశాను నాన్నా."

"ఏం తీసేశావు?"

"ఆ రోజుది. నాలుగు వేల పొద్దుల్లో అదొక్కటే వేరేగా ఉంది. అరుపులు, ఏడుపు. అది వేస్తే మిగతావన్నీ తడబడుతున్నాయి. తేడాగా ఉన్నవి ఏరేస్తాం నాన్నా. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. నా చేత్తోనే ఏరేశాను."

నాకు కోపం రాలేదు. ఆ నాలుగు వేల పొద్దులూ మావే. వాటిలో ఎవడూ ఎప్పుడూ బాగాలేనని చెప్పలేదు. మందులు మింగుతూ కులాసా అన్నాం. కొడుకు మాట్లాడటం మానేసిన రోజున కూడా ఫైవ్ నైన్ అన్నాం. యంత్రం మా దగ్గరే నేర్చుకుంది.

"నాన్నా, నెట్ వాళ్ళకి ఇప్పుడే చెప్పకు. ముందు చిలకమ్మత్త బయటపడనీ. సోమవారం వాళ్ళొస్తున్నారు. నేను... నేను సరిచేస్తాను."

చెప్పాలని నాకు తెలుసు. పదిమందికి ఫోన్ చెయ్యడానికి అరగంట పట్టదు. "బస్సుకి టైమైంది" అన్నాను కూతురితో. అదొక జవాబా?

నర్సీపట్నం దాకా బస్సు, చింతపల్లి దాటి కొంత దూరం జీపు, తర్వాత నడక. దారంతా విష్ణు సహస్రనామం మొదలుపెట్టడం, మధ్యలో ఆగిపోవడం. నలభై ఏళ్ళుగా చదువుతున్నాను. నోరు తన దారిన తను చదువుకుపోతుంది. ఏ రోజుకి ఆ రోజు లోపల బాధ వేరు, పైకి పలికే నామాలు అవే. పైవాడు వినేది ఏది? అలవాటుగా పలికేదా, దాని అడుగున గరగరలో మునిగినదా? అడగకూడని ప్రశ్నేమో. ఆయన్ని నమ్మినవాణ్ణి కాబట్టే అడిగాను. నడుం లోతు నీళ్ళలో ఇద్దరు కుర్రాళ్ళు నన్ను పట్టుకుని గెడ్డ దాటించారు.

సాయంత్రం అయిదు కావస్తుండగా సీకుగెడ్డ చేరాను. ఊరి మగవాళ్ళు గట్టు దిగి వస్తున్నారు. అందరి కాళ్ళకీ మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. అందులో ఇద్దరి భుజాల మీద పలుగులు ఉన్నాయి. ఎవరినీ అడగక్కర్లేకపోయింది. ఆసుపత్రి నర్సమ్మ నన్ను పక్కకు పిలిచి, "పొద్దున్న తొమ్మిదింటికి పోయిందండి. నేను పన్నెండింటికి చేరాను. ఒక్క రోజు ముందొచ్చినా..." అని ఆగిపోయింది.

బొంజుబాబు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన గోడకి డోలీ ఆనించి ఉంది. రెండు వెదురు గడలకి గొంగళి బిగించి కట్టిన డోలీ. ముడులు కొత్తవి. ఎవరినీ మొయ్యలేదు.

"వొచ్చేవా గురూ" అన్నాడు. తిట్టలేదు. "మంగళోరం పొద్దుకే కుర్రోళ్ళు డోలీ కట్టీసేరు. నానే వొద్దన్నాను. నరసింవం అలాగే అన్నాడురా, ఫైవ్ నైన్ అన్నాడురా, బండి తోలతాడు, ఇంత వోనలో జొరం మనిసిని గట్లెంట తిప్పడం దేనికిరా అన్నాను. రోజూ నువ్వు అలాగే అన్నావు. రోజూ నాను దానికి సెప్పేను, వొచ్చీస్తంది బండి అని. మాట పోయేక కూడా సెయ్యి అటు సూపేది, గెడ్డేపు."

నేను అతని కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. టాబ్లెట్ సంగతి, రొద తీసేయడం, మాటలు అతకడం, ఎండ బాగా కాసిందని నాకు వినిపించడం. విన్నంతసేపు నా మొహంలోకి చూశాడు.

"పలక మాటాడిందా? నా గొంతుతోనా?"

"అవును బొంజుబాబూ."

"గురూ, నాను నిన్నేటీ అన్నేదు గదా. మరి అబద్దం దేనికి?"

నా మాట నిజమని చూపించగల టాబ్లెట్ అనకాపల్లిలో ఉంది. ఒకవేళ అక్కడే ఉన్నా, చచ్చిపోయిన మనిషి అంబలి కాస్తోందని అతని గొంతుతోనే అతనికి వినిపించనా?

మర్నాడు శనివారం. తెల్లవారేసరికి వాన వెలిసింది గానీ మబ్బు విడలేదు. ఏడు కావస్తుంటే సెట్టు పెట్టమన్నాను. "ఇంక దేనికి?" అన్నాడు. అయినా లేచి వైర్లు తగిలించాడు. చేతికి అలవాటైన పని. బ్యాటరీ ముల్లు అట్టడుగున ఉంది. సీకుగెడ్డ నుంచి నెట్‌కి నిజం చెబుతానని, తను అనకాపల్లి వచ్చి మా ఇంట్లో అసలు శబ్దం పెట్టుకుని వింటూండమని హైమకి నిన్న దారిలో చింతపల్లి నుంచి ఫోన్లో చెప్పాను. "నువ్వే చెప్పు నాన్నా. నావల్ల కాదు. నాకు లైసెన్సు కూడా లేదు" అంది. ఆ తర్వాత నాకు ఫోన్ అందలేదు. చిలకమ్మ సంగతి హైమకి తెలియదు.

బొంజుబాబు సెట్టులోంచి మాస్టారి గొంతు గరగరతో వచ్చింది. ముగ్గుర్ని పిలిచారు. నాలుగో పేరు: "సీకుగెడ్డ బొంజుబాబుగారూ, రండి."

మైకు నేను తీసుకున్నాను. "మాస్టారూ, నేను నరసింహాన్ని. బొంజుబాబు ఇంటి నుంచి మాట్లాడుతున్నాను. చిలకమ్మ పోయింది. నాలుగు రోజులు సాయం అడిగాడు, మనకి వినపడలేదు. ఆలకింపు మనకి అబద్ధం చెప్పింది. అందరూ దాన్ని తీసెయ్యండి. చిలకమ్మ పోయింది మాస్టారూ."

మీట వదిలాను. మాస్టారు హాయిగా నవ్వారు.

"చాలా స్పష్టం బొంజుబాబుగారూ. ఫైవ్ నైన్. ఆ చోడంబలి తాగడానికి మేమూ ఒకరోజు దిగుతాం, చిలకమ్మగారికి చెప్పండి. సెవెంటీ త్రీ."

వెంటనే పార్వతీపురం వర్తకుడు, "మాకూ ఒక గ్లాసు ఉంచమనండి చెల్లెమ్మని" అన్నాడు. ఇంకెవరో, "మీ వైపు ఎండలు అదృష్టమండీ, మాకిక్కడ ఒకటే వాన" అన్నారు. బొంజుబాబు సెట్టు వైపు చూశాడు, నా చేతిలో మైకు వైపు చూశాడు. "నువ్వు పోయిందని సెప్పేవు" అన్నాడు. "నాను ఇన్నాను. నువ్వు సెప్పేవు."

"అనకాపల్లి నరసింహంగారూ, రండి." మాస్టారు నా పేరు పిలిచారు.

ఈసారి అరిచాను. గొంతు చిరిగేలా అరిచాను. చిలకమ్మ పోయింది, చచ్చిపోయింది, ఫోన్లు అవతల పెట్టండి, చెవులు పెట్టి వినండి అని.

"మంచిది నరసింహంగారూ. మీరన్నట్టు అంతా అప్పన్న దయే. ఫైవ్ నైన్."

ఇరవై రెండేళ్ళుగా రోజూ నేను అన్న మాట అది. ఇప్పుడు నేను అనకుండానే నా నోట పలికింది. చిలకమ్మని పూడ్చిన మర్నాడు. నా దేవుడి పేరుతో.

మాస్టారు తర్వాతి పేరు పిలవబోతున్నారు. అప్పుడు ఇంకో గొంతు అడ్డం వచ్చింది. నా మేడ మీది వంద వాట్ల సెట్టు నుంచి వచ్చింది కాబట్టి గంట కొట్టినట్టు ఉంది. యంత్రం అతకడానికి అందులో చిరుగు లేదు. పైగా ఆ మనిషి ఎప్పుడూ నెట్‌లో మాట్లాడలేదు. ఆమె ఏమంటుందో ముందే తెలిసిన యంత్రం ఎక్కడా లేదు.

"ఆగండి మాస్టారూ. నేను హైమని. నరసింహంగారి అమ్మాయిని. నాకు లైసెన్సు లేదు, మాట్లాడకూడదు. మాట్లాడుతున్నాను. నాన్న ఇప్పుడు మీతో మాట్లాడింది సీకుగెడ్డ నుంచి. మీకు వినపడింది నాన్న మాట కాదు. నేను ఆలకింపు ఆపేసి విన్నాను. పది మాటల్లో నాకు నాలుగే వినపడ్డాయి. మిగతా ఆరూ నేను కల్పించను. వినపడ్డవి చెబుతాను. చిలకమ్మ. పోయింది. వినపడలేదు. అబద్ధం." ఆ నాలుగూ ఇంకోసారి మెల్లగా తనకి తనే చెప్పుకుంది. "చిలకమ్మత్త పోయింది మాస్టారూ. మావయ్య మంగళవారం నుంచి జ్వరం అని పిలుస్తూనే ఉన్నాడు. దాన్ని కులాసాగా మార్చి మీకు వినిపించింది నేను చేసిన యంత్రం. జ్వరం అన్న మాట అందులోంచి తీసేసింది నేను. సోమవారం వచ్చేవాళ్ళకి కూడా ఇదే చెబుతాను."

నెట్ మీద ఉత్త గరగర. దాన్ని వింటూ బొంజుబాబు మోకాళ్ళ మీద చేతులు వేసుకుని కూర్చున్నాడు.

"ఎవులు గురూ ఆ పిల్ల?"

"మా హైమ. ఆ యంత్రం చేసింది అదే."

బొంజుబాబు సెట్టు దగ్గరికి కొంచెం జరిగాడు.

"అమ్మా," మాస్టారి గొంతు. ఆయన బడిపంతులు గొంతు కాదది. ముసలివాడి గొంతు. "నాకు సరిగ్గా అందలేదమ్మా. మళ్ళీ చెప్పు."

ఎనిమిది నెలల్లో ఆ మాట మా నెట్‌లో వినిపించడం అదే మొదలు. అంత గట్టి సెట్టు నుంచి వచ్చిన మాట ఆయనకి అందకపోవడం ఏమిటి? అందింది. అందుకే అడిగారు. హైమ మళ్ళీ చెప్పింది. చిలకమ్మత్త పోయింది. పార్వతీపురం వర్తకుడు, "మళ్ళీ చెప్పమ్మా" అన్నాడు. చెప్పింది. ఫోన్లు పక్కన పడేసి మేడల మీదికి, కొట్టు గదుల్లోకి పరిగెత్తి అసలు సెట్టుల ముందు కూర్చున్నారేమో, ఒక్కొక్క గొంతే ఆయాసంతో వస్తోంది. మళ్ళీ చెప్పు. మళ్ళీ చెప్పు తల్లీ. హైమ అడిగిన ప్రతివాడికీ, ఒక్క మాట తగ్గించకుండా, తన పేరు మొదలు యంత్రం దాకా చెప్పుకుంటూ పోయింది. ఏడోవాడికో ఎనిమిదోవాడికో చెబుతుండగా బొంజుబాబు సెట్టు దీపం ఎర్రబడి, సన్నగిల్లి, ఆరిపోయింది. బ్యాటరీ పూర్తిగా అయిపోయింది.

బయట చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"అందరూ ఇన్నారంటావా గురూ?" అన్నాడు బొంజుబాబు.

విన్నారు అని నాలుక చివరి దాకా వచ్చింది. వెనక్కి తీసుకున్నాను.

"తెలీదు బొంజుబాబూ" అన్నాను.